కలరమా: ఆరేళ్ల వాడకం తరువాత

బెంగళూరు మారతహళ్ళిలోని మా కార్యాలయంలో, రాత్రిపూట వచ్చే డేటాను సరిచూసే ఒక పైథాన్ ప్రోగ్రాం బాధ్యతను ఆరేళ్లుగా నేను చూస్తున్నాను. నేను దాన్ని ఉబుంటులో రాస్తాను, మా టీమ్ లీడ్ మ్యాక్‌లో నడుపుతారు, టెస్టింగ్ చూసే గుంటూరు సహోద్యోగురాలిది విండోస్ ల్యాప్‌టాప్. తప్పులు ఎర్రగానూ, సరైనవి ఆకుపచ్చగానూ ముగ్గురికీ ఒకేలా కనబడాలని అక్షరాలకు రంగు వేసే సంకేతాలను విండోస్‌లోనూ పనిచేయించే కలరమా అనే పైథాన్ లైబ్రరీని తెచ్చుకున్నాను.

ప్రోగ్రాం ఫలితాలను అక్షరాలుగా చూపే తెర అయిన టెర్మినల్‌కు రంగు కూడా అక్షరాల రూపంలోనే వెళ్తుంది: 27వ నంబరు ఎస్కేప్ అక్షరం, ఒక చదరపు బ్రాకెట్, ఆపైన ఎరుపుకు 31, మామూలు స్థితికి 0, చివర m అక్షరం. 1978లో వచ్చిన వీటీ100 అనే టెర్మినల్ యంత్రానికి రంగులు లేకపోయినా, ఆజ్ఞలు రాసే పద్ధతి ఇదే. లినక్స్, మ్యాక్ టెర్మినళ్లకు ఇది మొదటినుంచీ తెలుసు. విండోస్‌లోని టెర్మినల్ అయిన కన్సోల్ మాత్రం విండోస్ 10 దాకా వీటిని పిచ్చిగీతలుగానే చూపేది, ఆ తరువాత కూడా ప్రోగ్రాం అడిగితేనే అర్థం చేసుకుంటుంది. ఆ అడగడం, పాత విండోస్ అయితే ఆ అక్షరాలను మధ్యలోనే పట్టుకుని కన్సోల్ సొంత ఆజ్ఞలుగా మార్చడం కలరమా పని, ఆ పనిలో అది నన్ను ఒక్కసారీ నిరాశపరచలేదు.

ఇబ్బంది వచ్చింది 2022లో, 0.4.6 వెర్షన్‌తో. కలరమాను మొదలుపెట్టే పాత 'ఇనిట్' ఫంక్షన్ బదులు 'జస్ట్ ఫిక్స్ విండోస్ కన్సోల్' అనే కొత్త ఫంక్షన్ వాడమని అందులో సూచించారు, నేనూ మార్చాను. మర్నాడు పొద్దున్నే, "లాగ్ ఫైలంతా పురుగు పట్టినట్టుంది, చూడండి" అని సహోద్యోగురాలు పిలిచారు. అవుట్‌పుట్ ఫైలులోకి వెళ్తున్నప్పుడు రంగు సంకేతాలను తీసేసే పని ఇనిట్ చేసేది, కొత్తది చేయదు. ప్రతి ముద్రణ తరువాత రంగును తానే మామూలుకు తెచ్చే 'ఆటోరీసెట్' వసతి కూడా ఇనిట్‌తోనే ఉంది. అవుట్‌పుట్ నిజంగా టెర్మినల్‌కే వెళ్తోందా అని 'ఇజాటీటీవై'తో అడిగి, రంగు వద్దని చెప్పే 'నో కలర్' ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (సిస్టమ్‌లో పెట్టే సెట్టింగు) ఉంటే రంగు మానేసి, చివర 0 తప్పక పంపే చిన్న ఫంక్షన్ రాసుకున్నాకే నాకు నిశ్చింత కలిగింది. ఈ మార్పును సూచించే చోటే ఆ తేడాను ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సింది.

మన భాషలో ముద్రించేవారు ఇంకో మాట గమనించాలి. 'తెలుగు' అన్న పదాన్ని పైథాన్ ఆరు అక్షరాలుగా లెక్కిస్తుంది, కంటికి కనిపించేవి మూడే; అందుకే జిల్లా పేర్ల పట్టికలో నిలువు వరుసలు వంకర పోతాయి. ఇది కలరమా తప్పు కాదు, కాని దాని నుంచి సాయం ఆశించకూడదు. విండోస్‌లో తెలుగు అవుట్‌పుట్‌ను ఫైలులోకి మళ్లించినప్పుడు వచ్చే ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతి) లోపం కూడా దాని పరిధిలోనిది కాదు. 'పైథాన్ యూటీఎఫ్8' వేరియబుల్‌కు 1 ఇచ్చాక మాకు అది పోయింది.

తెర మొత్తాన్ని కిటికీలుగా విభజించాలనుకునేవారికి కలరమా చాలదు. అందరూ కొత్త విండోస్‌లోనే ఉంటే, దీని అవసరం ఒక్క పంక్తికి తగ్గిపోతుంది. అయినా నేను దీన్ని తీసివేయలేదు: బెంగళూరు పారిశ్రామిక ప్రాంతం పీణ్యాలోని ఒక కర్మాగారంలో మా ప్రోగ్రాం ఇప్పటికీ విండోస్ 7, పైథాన్ 3.8 మీద నడుస్తోంది, అక్కడి ఆపరేటర్ తెరపై ఎరుపు రంగును చూశాకే యంత్రాన్ని ఆపుతారు.