దూరపు గురి నేర్చుకోవడానికి .22 మేలా, పెద్ద రైఫిలే మేలా?

ఈ ప్రశ్న నన్ను మళ్లీ మళ్లీ అడుగుతున్నారు: వేటకు తీసుకెళ్లే పెద్ద రైఫిల్‌తోనే సాధన చేయాలా, .22 (0.22 అంగుళాల వ్యాసపు చిన్న తూటా కాల్చే రైఫిల్) సరిపోతుందా? నా దగ్గర రెండూ ఉన్నాయి. పోయిన ఏడాది నేను కాల్చిన తూటాల్లో ముప్పాతిక వంతు .22వే.

ఖర్చు తక్కువ, బ్యారెల్ అంత త్వరగా అరగదు, భుజం నొప్పి పుట్టదు. ఇవన్నీ మీకు తెలిసినవే. నేను .22 వైపు మొగ్గడానికి అసలు కారణం గాలి.

దూరం ఎంతో రేంజ్‌ఫైండర్ చెబుతుంది. తూటా ఎంత కిందికి దిగుతుందో ఫోన్‌లో యాప్ లెక్కకట్టి ఇస్తుంది. గాలిని మాత్రం మన కళ్లతోనే చదవాలి. గంటకు 16 కిలోమీటర్ల గాలి అడ్డంగా వీస్తుంటే, ధ్వని కంటే నెమ్మదిగా వెళ్లే .22 తూటా 100 మీటర్లకే 10 సెంటీమీటర్లకు పైగా పక్కకు పోతుంది. అంటే ఒక మిల్‌కు కాస్త ఎక్కువ (మిల్ అంటే స్కోప్ గీతలతో చూసే కోణపు కొలత, 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు). పెద్ద రైఫిల్ తూటా .308తో మిల్స్‌లో అంతే తేడా చూడాలంటే దాదాపు 450 మీటర్ల దూరం కావాలి. అంత పొడవైన రేంజ్ ఎంతమందికి అందుబాటులో ఉంటుంది?

ఒక సాయంత్రం 100 మీటర్ల టార్గెట్ ముందు పడుకుని ఉన్నాను. నా దగ్గర గడ్డి కదలడం లేదు. సగం దారిలో మాత్రం గడ్డి కొనలు ఎడమకు వాలుతున్నాయి. చూసి కూడా పట్టించుకోకుండా కాల్చాను. నడిమి చుక్కకు ఎడమగా నాలుగు వేళ్ల దూరంలో చిల్లు పడింది. అదే .308 అయితే ఆ తేడా ఒక వేలంత కూడా ఉండేది కాదు, తప్పు గాలిదో నా చేతిదో తేల్చుకోలేకపోయేవాణ్ణి. .22తో ఒక్క పూటలో అలాంటి 50 పాఠాలు దొరుకుతాయి.

పైగా నెమ్మది తూటా బ్యారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే తల ఎత్తే అలవాటుంటే టార్గెట్ మీద వెంటనే కనిపిస్తుంది.

దీనికీ హద్దుంది. 200 మీటర్ల దగ్గర, తూటాకూ తూటాకూ సెకనుకు 10 మీటర్ల వేగం తేడా ఉంటే ఎత్తులో దాదాపు 10 సెంటీమీటర్ల తేడా వస్తుంది. అది మన తప్పు కాదు, మందుగుండుది. అందుకే ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన) తూటాలు కొనుక్కోండి.

పెద్ద రైఫిల్ మాత్రమే నేర్పేవి రెండున్నాయి. మొదటిది తన్నుడు, అంటే కాల్చగానే రైఫిల్ భుజాన్ని వెనక్కి నెట్టడం. దానికి భయపడి ముందే బిగుసుకుపోతున్నామో లేదో తెలియాలంటే, తూటాల మధ్య ఒక డమ్మీని (మందు లేని ఉత్తుత్తి తూటాను) కలిపి మిత్రుణ్ణి లోడ్ చేయమనండి. పిన్ ఊరికే 'టిక్' అన్నప్పుడు రైఫిల్ మూతి కిందికి వంగితే సంగతి తెలిసిపోతుంది. రెండోది, చల్లటి బ్యారెల్‌తో మొదటి తూటా. వేటలో చాలాసార్లు లెక్కలోకి వచ్చేది అదొక్కటే. బెంచి మీద కాకుండా, బ్యాగు మీద ఆనించో మోకాలి మీద కూర్చునో ఆ ఒక్కటి కాల్చి, రాసి పెట్టుకోండి. వేరువేరు రోజుల్లో ఆ మొదటి తూటా 20 సెంటీమీటర్ల వలయంలో తప్పకుండా పడే దూరమే నాకు వేట హద్దు. 450 మీటర్లకు .308 తూటా చేరడానికి అర సెకను పైనే పడుతుంది. ఆలోపు జంతువు ఒక్క అడుగు వేసినా గాయపడి పారిపోవచ్చు. ఎంత సాధన చేసినా ఆ అడుగును మనం ఆపలేం.

ఖాళీ తుపాకీతో ఇంట్లో చేసే డ్రై ఫైర్ ట్రిగ్గర్‌కు మంచిదే, రోజూ పది నిమిషాలు చాలు. చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి. .22కు డమ్మీ తప్పనిసరి, లేకపోతే పిన్ చాంబర్ అంచును కొట్టి పాడుచేయొచ్చు. ఎయిర్ రైఫిల్‌తో కాల్చడం కూడా నిలకడ నేర్పుతుంది.

పెద్ద రైఫిల్ ఇప్పటికే ఉన్నవాళ్లు దానికి ఇంకా ఖరీదైన స్కోప్ కొనాలనుకుంటే కాస్త ఆగండి. ఆ డబ్బుతో ఒక .22 కొని, పెద్దదాని మీద ఉన్న మిల్ గీతలే ఉన్న స్కోప్ దానికి బిగించండి. 50 మీటర్లకు, వీలైతే అంతకంటే దగ్గరికి కూడా పారలాక్స్ (కన్ను కాస్త కదిలితే గీతలు టార్గెట్ మీద జరిగినట్టు కనిపించడం) సర్దుబాటు కుదురుతుందో లేదో కొనేముందే చూసుకోండి.