జడ్చర్లల డేకేర్: రోస్టర్ డ్యూటీలున్న అమ్మానాన్నలకు పనికొస్తదా?

4 స్టార్లు ఇస్తున్న. ఐదోది ఎందుకు ఇయ్యలేదో కిందికి పోతే తెలుస్తది.

ముందు మా సంగతి చెప్తా, లేకుంటే ఈ రివ్యూ మీకు పనికొస్తదో రాదో అర్థం కాదు. నేను క్యాబిన్ క్రూ, అంటే విమానంల ప్రయాణికుల్ని చూసుకునే పని, డ్యూటీలు మొదలయ్యేది శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి. మా ఆయన పోలేపల్లి సెజ్‌ల ఒక ఫార్మా కంపెనీల షిఫ్టులు చేస్తడు. అంటే ఇంట్ల రెండు రోస్టర్లు (మారుతుండే డ్యూటీ టైముల పట్టీలు), ఏడాదిన్నర దాటిన ఒక పాప. అత్తమ్మ ఉంది, కానీ ఆమెకు మోకాళ్ల నొప్పులు, ఒక పూటంటే చూస్తది, ఉరికే పిల్లను పొద్దంతా పట్టుకోమంటే ఆమెకూ కష్టమే, మనకూ మనసొప్పదు. జడ్చర్ల నుంచి ఎయిర్‌పోర్టుకు గంటకు పైనే పడ్తది, రాయికల్ టోల్ దగ్గర క్యూ ఉంటే ఇంకా ఎక్కువ. కంపెనీ క్యాబ్ ఇంత దూరం రాదు కాబట్టి తెల్లారి ఆరు గంటల ఫ్లైట్ ఉంటే మాకు రాత్రి రెండు గంటలకే తెల్లారినట్టు.

బయట డేకేర్లన్నీ పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు అనుకొని కట్టినయే. ఇంతకుముందు సిటీల ఒక దాంట్ల వేసినం (పేరొద్దు), పావుగంట లేటయితే ఫైను, పైగా ఆ మొహం. ఫ్లైట్ డిలే అయితే నేనేం చేస్తనండి, కిటికీల నుంచి దుంకాల్నా? ఇక్కడ జడ్చర్లల ఈ డేకేర్ నడిపే ఆంటీ మొదటిరోజే అడిగిన మాట "నీ రోస్టర్ ఎన్నడొస్తదమ్మా" అని. నెల రోస్టర్ రాంగనే స్క్రీన్‌షాట్ వాట్సాప్ చేస్తే ఆమె గోడ క్యాలెండర్ల పాప పేరు మీద టైములు రాసుకుంటది. స్టాండ్‌బై ఉన్నరోజు పక్కన చుక్క పెడ్తది, అంటే ఆరోజు ఎప్పుడు పిలుపొచ్చినా పిల్ల రావచ్చు అని. నెలకు 4,500, నైట్ హాల్ట్ (డ్యూటీల రాత్రి వేరే ఊర్ల ఆగుడు) పడితే రాత్రికి 300 ఎక్స్‌ట్రా, ముందు రోజు చెప్తే పొద్దున ఐదింటికి కూడా తీస్తది. రాత్రికి ఇద్దరు ముగ్గురు పిల్లల్ని మించి తీసుకోదు, అది నాకు నచ్చింది.

ఇగ సేఫ్టీ. మా ట్రెయినింగ్‌ల 90 సెకన్లల విమానం మొత్తం ఖాళీ చేపియ్యాలని బుర్రకెక్కిస్తరు, ఆ అలవాటుతోని యాడికి పోయినా ముందు తలుపులు చూస్త. ఇక్కడ వెనక గ్రిల్ గేటుకు తాళం ఉంటే తాళంచెవి యాడుంటదని అడిగిన, ఆంటీ బొడ్లె చెక్కుకునేదంట! ఇప్పుడు గేటు పక్కన మేకుకు, పిల్లలకు అందనంత ఎత్తుల తగిలిస్తున్నరు. వంటగదికి అడ్డం చెక్క గేటు ఉంది, సిలిండర్ బయట ఉంది. మా ఫ్లైట్ల 50 సీట్లకు ఒక క్రూ అని రూలు, కానీ పెద్దోళ్లు బెల్టు పెట్టుకొని కూసుంటరు, ఈ పిల్లలు కూసోరు కదా. పొద్దంత పదిహేను మంది దాకా పిల్లలుంటే ఆంటీ, ఇద్దరు ఆయమ్మలు ఉంటరు. సరిపోతది, మధ్యాహ్నం ఒక ఆయమ్మ ఇంటికి పోయే గంట మాత్రం టైటు.

ఇది సీతాఫలాల సీజన్ల అడగాల్సిన ప్రశ్న, అసలే మనది బాలానగర్ సీతాఫలం పుట్టిన జాగ. గింజ గొంతుల పడితే ఏం చేస్తరు? ఆయమ్మ నోట్ల వేలు పెట్టి తీస్త అన్నది. కనపడకుండ వేలు పెడితే ఇంకా లోపలికి పోతది. ఏడాది లోపు పిల్లనైతే ముంజేతి మీద బోర్లేసి తల కిందికి ఉంచి వీపు మీద ఐదు దెబ్బలు, రాకపోతే తిప్పి ఛాతీ మీద ఐదు నొక్కులు. ఏడాది దాటితే వీపు దెబ్బల తర్వాత పొట్ట మీద నొక్కుడు. బొమ్మ మీద చేసి చూపిచ్చిన, ఇద్దరు ఆయమ్మలూ చేసిండ్రు, ఒకామె నాకంటే మంచిగ చేసింది. ఇప్పుడు సీతాఫలం గింజలు తీసి గిన్నెల వేసి పెడ్తున్నరు. తిండి మామూలుగా పప్పన్నం, పెరుగన్నం, రాగిజావ, సాయంత్రం ఇంట్ల చేసిన మురుకు. బిస్కెట్ ప్యాకెట్లు తక్కువ.

జలుబుల రూలు మీద కొందరు అమ్మలు గరం అయితున్నరు గానీ నేను ఆంటీ పక్షమే. జ్వరం, కారే ముక్కు ఉంటే పిల్లను తీసుకోదు. మా ఉద్యోగంల ఇది చిన్న విషయం కాదు, పాప జలుబు నాకు అంటుకుంటే ఆ ముక్కుతోని ఎగురుడు కుదరదు, దిగేటప్పుడు చెవులు మూసుకపోయి కర్ణభేరి దెబ్బతినొచ్చు. సిక్ లీవ్ పెడితే ఆ గంటల ఫ్లయింగ్ అలవెన్స్ పోతది. ఏదో దగ్గు సిరప్ తాగి పోదామంటే అందుల ఆల్కహాల్ ఉంటే బ్రెత్ అనలైజర్ దగ్గర ఇంకో తలనొప్పి. కాబట్టి పక్క పిల్ల ముక్కు కూడా నా జీతం లెక్కనే.

ఫోన్ సంగతి అందరికీ చెప్పాలి. నేను గాల్లో ఉంటే ఫోన్ ఎత్తను, మా ఆయన ప్రొడక్షన్ ఏరియాల ఉంటే ఆయన ఫోన్ లాకర్ల ఉంటది. ఇద్దరం ఒకేసారి మాయం! ఆంటీ ఇది విని ఇంకో రెండు నంబర్లు ఇచ్చేదాక ఫారం తీసుకోలే. మరిది నంబర్, మా కాలనీల ఒక అక్క నంబర్ ఇచ్చినం. పాపను ఎవరు తీసుకపోవచ్చో ఫోటోలతో సహా రాసి పెట్టుకుంది, మరిది మొదటిసారి పోతే మా ఆయనకు ఫోన్ చేసి అడిగినంకనే పంపింది. మరిది అలిగిండు, నాకు మాత్రం మస్తు నచ్చింది.

ఇంకొకటి, నైట్ ఫ్లైట్ చేసి పొద్దున వచ్చి పిల్లను ఇక్కడ దింపి నేను ఇంటికి పోయి పంటా. "ఇంట్ల ఉండి కూడా పిల్లను పంపుతది" అని కాలనీల అనేటోళ్లున్నరు. రాత్రంతా నిలబడి, నవ్వి, ట్రేలు ఎత్తినోళ్లు పగలు పడుకోకుంటే రాత్రి మళ్ల ఎట్ల నిలబడ్తరు? ఆంటీ ఎన్నడూ అడగలే. పైగా మధ్యాహ్నం మూడింటి దాక ఫోన్ చెయ్యదు, ఏమన్నా అర్జెంట్ అయితే తప్ప.

ఇగ కట్ చేసిన స్టార్. కెమెరా ఉందన్నరు, కరెంట్ పోయొస్తే అది మళ్ల ఆన్ కాదు, చెప్తే "రేపు చేపిస్తమమ్మా", ఆ రేపు నెలలకు నెలలు నడుస్తుంది. మధ్యాహ్నం టీవీల కార్టూన్ ఎక్కువైతుంది. సద్దుల బతుకమ్మ నుంచి దసరా దాక పూర్తిగ బంద్, మాకు ఆ రోజులల్లనే ఫ్లైట్లన్నీ ఫుల్, లీవ్ దొరకదు. ఆమె ఇంట్ల కూడా పండుగ ఉంటది, కాదనను, కానీ సంక్రాంతికి, దసరాకు మీరు ముందే ఇంకో దారి చూసుకోండ్రి. రసీదు ఇయ్యరు, అడిగితే నోట్‌బుక్ కాయితం మీద రాసిస్తరు.

"కంపెనీలే క్రెచ్ (ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే జాగ) పెట్టాలె కదా" అని ఒకరు అడిగిండ్రు. 2017ల చట్టం మార్చినప్పుడు ప్రసూతి సెలవు 26 వారాలు చేసి, 50 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే జాగల క్రెచ్ ఉండాలె, తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి చూడొచ్చు అని కూడా పెట్టిండ్రు. సెలవు మంచిగనే పనికొచ్చింది. క్రెచ్ మాత్రం, నేను పనిచేసేది 35,000 అడుగుల ఎత్తుల, నాలుగుసార్లు దిగి ఎట్ల చూడాలె? ఆఫీసు దగ్గర పెట్టినా పిల్లను రాత్రి రెండింటికి లేపి హైవే మీద అరవై కిలోమీటర్లు తీసుకపోవాలె. మాలాంటోళ్లకు డేకేర్ ఇంటి దగ్గరే ఉండాలె, టైము మాత్రం మా రోస్టర్ ప్రకారం ఉండాలె.

నర్సులు, ఫార్మా షిఫ్టులోళ్లు, ఆర్టీసీ కండక్టర్ అక్కలు చూడొచ్చు. తొమ్మిది నుంచి ఆరు డ్యూటీ ఉన్నోళ్లకు ఇంతకంటే తక్కువకు బాదేపల్లిల వేరేవి ఉన్నయి. చూడనీకి పోతే ఒంటిగంట నుంచి మూడు మధ్యల పోకుండ్రి, పిల్లలు పండుకుంటరు, బెల్లు కొడితే ఆంటీ తిడ్తది.