యెజ్డీ పిస్టన్ కోసం పుదుపేట, చిత్తూరు: ఎక్కడ మునిగాం, ఎక్కడ తేలాం

మా మామగారి 1984 యెజ్డీ రోడ్‌కింగ్ మోటార్‌సైకిల్ తిరుపతిలో ఇంటి వెనక రేకుల షెడ్డులో పదకొండేళ్లు పడి ఉంది. పాత ఇనుముకి 9,000 ఇస్తామన్నారు, మా బావమరిది సగం మనసుతో సరే అనేశాడు కూడా. నేనే అడ్డుపడ్డాను. ఆ పాపానికి ఈ తిరుగుడంతా.

ఇంజన్ విప్పితే పిస్టన్, కనెక్టింగ్ రాడ్, క్రాంక్ ఆయిల్ సీళ్లు అన్నీ పోయాయి. ఈ బండ్లలో ఎడమవైపు సీలు పోతే గేర్‌బాక్స్ ఆయిల్ క్రాంక్‌లోకి లాగేసుకుని పొగ బస్తాలు బస్తాలుగా వస్తుంది. పెట్రోల్లో కలిపి పోసే ఆయిల్ ఎక్కువైందనుకుని తగ్గించుకుంటూ పోతారు చాలామంది, ముందు గేర్ ఆయిల్ ఎంతుందో చూసుకోండి. పాత బోరు, అంటే బ్యారెల్లో పిస్టన్ ఆడే రంధ్రం, అప్పటికే ఒకసారి 0.50 మిల్లీమీటర్లు పెద్దదిగా కోసి ఉంది కాబట్టి మాకు కావలసింది ఆ పై సైజు, 0.75 పిస్టన్.

శనివారం పొద్దున రైలెక్కి చెన్నై సెంట్రల్‌లో దిగి, పాత బండ్ల సామాను దొరికే పుదుపేటకి ఆటోలో చేరాం. ఇబ్బందేమీ లేదు. ఆ సందుల్లో ఎటు చూసినా విప్పేసిన కార్ల తలుపులు, దండలు గుచ్చినట్టు వేలాడే సైలెన్సర్లు. ఒక చిన్న కొట్టులో సీళ్లు, ఇగ్నిషన్ పాయింట్లు కలిపి 640, రాడ్ కిట్ 2,400. ఆ కొట్టాయన మేం తీసుకెళ్లిన పాత సీలు పక్కన పెట్టి కొలిచి మరీ ఇచ్చాడు, ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఫిర్యాదల్లా నాలుగు కొట్ల అవతల వాడి మీద. 'మైసూరు ఫ్యాక్టరీ మూసినప్పటి ఒరిజినల్ స్టాకు సార్, మళ్లీ దొరకదు' అని దుమ్ము పట్టిన పిస్టన్ అట్టపెట్టె ఒకటి తీశాడు. యెజ్డీ ఫ్యాక్టరీ 1996లో మూతపడిన మాట నిజమే. ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని వీళ్లు ఎంత పాత పెట్టెనైనా ఒరిజినల్ చేసేస్తారు. చెప్పింది 4,500, తెగింది 3,800. బిల్లడిగితే నవ్వాడు. నాకు అనుమానం రావాల్సింది అక్కడే, కానీ మధ్యాహ్నం రెండున్నర అయింది, ఆకలేస్తే మా బావమరిది మొహం చూడలేం, 'తీసుకో బావా, పోదాం' అని నస పెడుతున్నాడు. తీసుకున్నాను.

తిరుపతిలో బోరింగ్ షాపువాళ్లు యెజ్డీ పేరెత్తగానే తలూపేశారు. చిత్తూరులో ఒక పెద్దాయన ఉన్నాడని చెబితే సోమవారం గోనె సంచిలో బ్యారెల్, క్రాంక్, ఇంజన్ కవరు, పిస్టన్ పెట్టె వేసుకుని బస్సెక్కాం. కండక్టర్ లగేజీ కొట్టకుండా వదిలేశాడు, చల్లగా ఉండాలి.

పెద్దాయన పెట్టె పట్టుకోగానే ముందు లేబుల్ని గోటితో గీకాడు. స్కెచ్ పెన్నుతో 0.75 అని రాసిన కాగితం చెమటకి ఊడి వచ్చింది, కింద అచ్చులో 0.25 ఉంది. మైక్రోమీటర్ పెట్టి నాకే చూపించాడు. ఈ బండికి అసలు బోరు 65 మిల్లీమీటర్లు, 0.75 అంటే పిస్టన్ 65.75కి కాస్త అటూఇటూగా ఉండాలి, ఇది 65.2 దగ్గరే ఆగిపోయింది. 'ఇది మీ బోర్లో గిలక మాదిరి ఆడతాది నైనా' అన్నాడు. పుదుపేటకి ఫోన్ చేస్తే 'పెట్టె తెరిచేశారు కదా సార్, వాపసు లేదు' అని పెట్టేశాడు. మా బావమరిది ఆ పూట నాతో మాట్లాడలేదు, నస పెట్టింది తనే అన్న సంగతి మాత్రం మర్చిపోయాడు.

కానీ ఆ లేత్ దగ్గర గంటన్నర కూర్చోవడం వల్ల నా కోపం సగం దిగింది. యెజ్డీలో కిక్కు, గేరు రెండింటికీ ఒకే లివర్ కదా, అందుకని షాఫ్ట్ బయటికొచ్చే చోట దాని చుట్టూ ఉండే లోహపు గొట్టం, అదే బుష్, తొందరగా అరిగి ఆయిల్ కారుతుంది. పెద్దాయన కొత్త బుష్ కోసం గన్‌మెటల్ కడ్డీ ఒకటి లేత్ చక్‌లో బిగించి, బంగారు రంగు పొట్టు నేలమీద రాలుతుంటే, రెండు మూడు సార్లు ఆపి షాఫ్ట్ దూర్చి చూసి, మళ్లీ వెంట్రుక వాసి తీసి, చివరికి బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగేలా చేశాడు. ఎంతయ్యా అంటే 150. క్రాంక్‌లో కొత్త రాడ్ ప్రెస్ చేసి బిగించడానికి 900, అది మాత్రం రేపు పొద్దునకి అన్నాడు.

దాంతో ఆ రాత్రి చిత్తూరులో ఉండాల్సి వచ్చింది. బస్టాండ్‌కి నడిచే దూరంలో ఒక లాడ్జి, పేరెందుకు. 1,200 అన్నాడు, కాణిపాకం రద్దీ అంట. 24 గంటల చెకౌట్ అని రాత్రి నోటితో చెప్పి పొద్దున 9కే తలుపు బాదాడు. వేడినీళ్లు బకెట్ 30. అసలు సంగతేమిటంటే దిండు గలీబు మీద మరకుందని, మీ ఇనుప సామాను గ్రీజేనని 500 అడిగాడు. ఆ మరక గుండ్రంగా, ఎవరిదో కొబ్బరినూనె తలంత ఉంది! మా సంచి గుమ్మం దగ్గర కట్టింది కట్టినట్టే ఉంది. అరగంట వాదించి 300 కట్టి బయటపడ్డాం, ఆధార్ కార్డు వాడి దగ్గరే ఉంది మరి. కార్డు జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్ ఇవ్వకండి.

మధ్యాహ్నం మెస్సులో రాగిసంగటి, నాటుకోడి పులుసు తిన్నాక (ఇద్దరికీ 360) మా బావమరిది మళ్లీ మనిషయ్యాడు.

పిస్టన్ చివరికి మైసూరు నుంచి కొరియర్‌లో వచ్చింది, 2,750, కొత్తగా పోసిన డూప్లికేటే. అమ్మినాయన డూప్లికేట్ అని ముందే చెప్పాడు. పిస్టన్ చేతికొచ్చాకే దానికి సరిపడా బోరు కొట్టించాలి, ముందే కొట్టించామా, బ్యారెల్ పాడైనట్టే. బోరుకి 700. తిండీ చార్జీలూ వేడినీళ్లూ వదిలేస్తే మొత్తం 12,840, అందులో 3,800 పుదుపేట హుండీలో వేసినట్టు.

ఇంకో మాట, ఇలాంటి బండి కనబడితే చాలు 'వింటేజ్ సార్' అని రేటు పెంచుతారు. 2021లో వచ్చిన కేంద్రం నిబంధనల ప్రకారం వింటేజ్ అనాలంటే 50 ఏళ్లు దాటాలి. 1984 బండి పాత బండి, అంతే.

మొన్న ఏడో కిక్కుకి స్టార్టయింది. మామగారు అరుగు మీద నుంచి లేవకుండానే 'చోక్ ముయ్యి' అన్నారు. స్పీడోమీటర్ కేబుల్ ఒక్కటీ ఇంకా దొరకలేదు. 'మైసూరు పోదాం బావా' అంటున్నాడు మావాడు, లాడ్జి తను చూస్తాడంట, పిస్టన్లు నేను చూడాలంట.