గండికోట ఎండలో లెన్స్ హుడ్

డిసెంబరులో రెండు రోజుల సెలవు దొరికితే మేనకోడలి కుటుంబంతో కలిసి కడప నుంచి గండికోటకు, అక్కడి నుంచి బేలం గుహలకు వెళ్లివచ్చాము. బయలుదేరే ముందు నన్ను వేధించిన ప్రశ్న బస గురించి కాదు, కెమెరాతో వచ్చిన 18-55 మి.మీ. జూమ్ లెన్సుకు హుడ్ (పక్కనుంచి పడే వెలుగును ఆపేందుకు లెన్సు ముందు తొడిగే గొట్టం) కొనాలా, అక్కర్లేదా అని. ఈ తరగతి లెన్సులకు కంపెనీలు చాలాసార్లు హుడ్‌ను పెట్టెలో ఇవ్వకుండా విడిగా అమ్ముతాయి. కడపలో దుకాణదారుడు మొదట ఏ లెన్సుకైనా బిగించగల రబ్బరు హుడ్ చేతికిచ్చాడు. అక్కడే తొడిగి, 18 దగ్గర, అంటే లెన్సు అన్నిటికంటే వెడల్పుగా చూసే చోట, తెల్లగోడను ఫొటో తీసి చూస్తే నాలుగు మూలలూ నల్లబడి ఉన్నాయి. "ఇది పడదులే సార్, మీ లెన్సుకు రేకులది వేరే ఉంటాది" అంటూ ఆయనే లోపలి నుంచి ఇంకొకటి తెచ్చాడు. 350 రూపాయలు తీసుకున్నాడు. ఫొటో వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ కనుక ఈ హుడ్ అంచున పూరేకుల్లా ఉండే పైనా కిందా రేకులు పొడవుగా, పక్కల పొట్టిగా ఉంటాయి. ఫోకస్ చేస్తున్నప్పుడు ముందుభాగం తిరిగే పాత లెన్సులకు మాత్రం ఇది పనికిరాదు, రేకులు కూడా తిరిగి ఫొటోలోకి వచ్చేస్తాయి.

జమ్మలమడుగు నుంచి గండికోట సుమారు 15 కిలోమీటర్లు. కోటలోకి చేరేసరికి సాయంత్రం నాలుగైంది. మాధవరాయ ఆలయాన్ని తూర్పు వైపు నుంచి చూస్తే సూర్యుడు గోపురానికి ఎడమగా, ఫొటోలో పడకుండా కాస్త పక్కన నిలిచి ఉన్నాడు. హుడ్ అసలు పని చేయవలసింది సరిగ్గా ఇటువంటి చోటే. కదలకుండా అక్కడే నిలబడి మూడు ఫొటోలు తీశాను. హుడ్ లేకుండా తీసిన దానిలో గోపురం నీడభాగమంతా బూడిద చల్లినట్టు వెలిసిపోయింది, కింది మూలన ఆకుపచ్చ చుక్క ఒకటి తేలింది. హుడ్‌తో తీసిన దానిలో గోపురం మీది బొమ్మల మధ్య చీకటి చీకటిగానే నిలిచింది. మూడోసారి హుడ్ తీసేసి అరచేతిని లెన్సుకు గొడుగులా పట్టాను. ఫలితం దాదాపు హుడ్‌తో సమానమే, కాకపోతే పైమూలన చూపుడువేలి కొస కూడా ఉంది. అంటే డబ్బు పెట్టలేనివారికి చెయ్యి చాలు, కానీ కెమెరాను ఒంటిచేత్తో పట్టుకోవాలి.

మరునాటి తెల్లవారుజామున పెన్నా లోయ అంచున సూర్యోదయం కోసం చేరిన జనంలో నేనూ ఒకడిని. అక్కడ హుడ్ వల్ల ఒరిగిందేమీ లేదు. సూర్యుడే ఫొటోలో ఉన్నప్పుడు అడ్డుపెట్టడానికి ఏముంటుంది? పైగా నా లెన్సు మీద చవకరకం యూవీ ఫిల్టరు (లెన్సు ముందు బిగించే పలుచని అద్దం) ఉండడంతో అసలు సూర్యుడికి తోడు మసకగా మరో సూర్యుడు కనిపించాడు. ఫిల్టరు తీసేశాక ఆ బెడద పోయింది. అయితే ఆ బండల మధ్య దిగుతున్నప్పుడు మెడలోని కెమెరా ఊగి రాతికి తగిలింది. హుడ్ రేకు మీద వేలెడంత గీత పడింది, అద్దానికి ఏమీ కాలేదు. నా 350 రూపాయలు ఆ క్షణంలోనే తిరిగి వచ్చాయనుకున్నాను.

బస విషయానికొస్తే, రాత్రి మేము ఒక ప్రైవేటు గుడారంలో పడుకున్నాము. ఆకాశం నిండా చుక్కలు కనిపించాయి, భోజనం వేడిగా పెట్టారు, కానీ మరుగుదొడ్డి చాలా దూరం, దారిలో దీపం లేదు. పిల్లలతో వెళ్లేవారు పర్యాటక శాఖ హోటల్లో గానీ, జమ్మలమడుగు లాడ్జిలో గానీ దిగడం మేలు. ఆ రాత్రే హుడ్ చేసిన ఒక అపకారం కూడా చెప్పాలి. కెమెరాలోని ఫ్లాష్ వేసి మేనకోడలిని తీస్తే, చీర కుచ్చిళ్ల మీద అర్ధచంద్రాకారంలో నల్లటి నీడ పడింది. ఫ్లాష్ వెలుగుకు హుడ్డే అడ్డం వచ్చింది. తీసేసి మళ్లీ తీయవలసి వచ్చింది.

బేలం గుహల పొడవు 3,229 మీటర్లు, సందర్శకులు వెళ్లగలిగేది అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటర్లే. లోపల ఉక్కపోతకు చొక్కా తడిసిపోయింది. ఎండ లేని చోట హుడ్ ఎందుకని సంచిలో పెట్టబోయాను గానీ, ఇరుకు దారుల్లో పక్కనుంచి కొట్టే దీపాలు కూడా సూర్యుడు చేసే పనే చేస్తున్నాయని రెండు ఫొటోలు చూశాక తెలిసి మళ్లీ తొడిగాను.

గండికోటలో చాలామంది హుడ్‌ను వెనక్కి తిప్పి తొడిగి తిరుగుతూ కనిపించారు. అది సంచిలో సర్దుకునే పద్ధతి, అలా ఉంచితే వెలుగును ఏమాత్రం ఆపదు. ఇంకో మాట: జూమ్ లెన్సు హుడ్‌ను 18 దగ్గర మూలలు నల్లబడకుండా కొలిచి చేస్తారు, అందువల్ల దూరపు వాటిని దగ్గరగా చూపే 55 దగ్గరికి వచ్చేసరికి దాని కాపు తగ్గుతుంది. దూరపు లెన్సుల హుడ్‌లు లోతుగా ఉంటాయి కనుక వాటితో మేలు ఎక్కువ. ఒంటిమిట్ట వెళ్లేలోగా నా 55-250 లెన్సుకు కూడా ఒకటి తెప్పించమని అదే దుకాణంలో చెప్పి వచ్చాను.