జాగ్రత్త: చవక ఎయిర్ పిస్టల్‌కి ‘పవర్ కిట్’ కొనేముందు స్ప్రింగు చుట్లు లెక్కపెట్టండి

ఐదారు వేలు పెట్టి స్ప్రింగు ఎయిర్ పిస్టల్ కొన్నవాళ్లకి కొన్నాళ్లకే ఒక మెసేజ్ వస్తుంది: “సార్, మీ మోడల్‌కి పవర్ కిట్ ఉంది. హెవీ స్ప్రింగు, కొత్త పిస్టన్ సీల్, మ్యాచ్ బారెల్, లైట్ ట్రిగ్గర్, పైన రెడ్ డాట్.” అన్నీ కలిపి చూస్తే పిస్టల్ ధర దాటిపోతుంది. చారాణా కోడికి బారాణా మసాలా అన్నమాట. మసాలా పడి కూర బాగుపడితే సర్దుకోవచ్చు. ఇక్కడ మసాలా పడ్డాక కోడి కూడా తినడానికి పనికిరాకుండా పోతోంది, అందుకే ఈ పోస్టు.

ముఖ్యంగా బారెల్‌ని కిందికి మడిచి కాక్ చేసే (స్ప్రింగుని నొక్కి కాల్చడానికి సిద్ధం చేసే) 4.5 మి.మీ (.177) పిస్టళ్ల గురించే ఇది. గ్యాస్‌తో పనిచేసేవాటి గురించి మధ్యలో ఒక మాట ఉంది, ఎండాకాలం కాబట్టి అదీ చదవండి.

ముందు స్ప్రింగు సంగతి. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. గట్టి స్ప్రింగు వేస్తే స్పీడు పెరుగుతుందని అమ్మేవాడు చెప్తాడు. పెల్లెట్‌ని తోసేది స్ప్రింగు కాదు, సిలిండర్లో ఉన్న గాలి. సిలిండర్ లోపలి వ్యాసం, పిస్టన్ వెనక్కి వచ్చే దూరం, ఈ రెండూ మారనంతవరకు గాలి అంతే ఉంటుంది. స్ప్రింగు గట్టిదైతే పిస్టన్ ఇంకా వేగంగా ముందుకొస్తుంది, పెల్లెట్ కదిలేలోపే ముందున్న గాలి దిండుకి తగిలి వెనక్కి ఎగురుతుంది, మళ్లీ వెళ్లి గోడకి కొట్టుకుంటుంది. ఆ దెబ్బ మీ చేతికి తెలుస్తుంది. స్పీడు మాత్రం కొంచెమే పెరుగుతుంది, ఒక్కోసారి తగ్గుతుంది కూడా.

సరే, పెరిగిందనే అనుకుందాం. అర గ్రాము పెల్లెట్ సెకనుకి 110 మీటర్లు పోతే దాని శక్తి దాదాపు 3 జౌళ్లు. దాన్ని 120కి లాగితే 3.6. పది మీటర్ల దూరంలో మొదటిది సుమారు 4 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, రెండోది సుమారు 3.4. తేడా ఆరేడు మిల్లీమీటర్లు. వెనక సైటు స్క్రూ తిప్పితే సరిపోయేదానికి రెండు వేల స్ప్రింగు ఎందుకు? పేపర్‌కి చిల్లు పడటానికి రెండు వేగాలూ ఎక్కువే. పైగా ప్యాకెట్ మీద రాసే “ఫుల్ స్పీడు” అంకె చాలాసార్లు తేలికైన అల్లాయ్ పెల్లెట్‌తో కొలిచింది. మామూలు సీసం పెల్లెట్ వేస్తే ఆ అంకె రాదు.

ఇప్పుడు చుట్ల లెక్క. కాక్ చేసినప్పుడు స్ప్రింగు నొక్కుకుపోయి చుట్టుకి చుట్టు తగిలితే ఇక కదలదు. ఆ పొడవు ఎంతో తెలియాలంటే తీగ మందాన్ని చుట్ల సంఖ్యతో హెచ్చించండి, అంతే. ఉదాహరణకి కంపెనీ స్ప్రింగు తీగ 2.6 మి.మీ, చుట్లు 27 అనుకోండి: 70.2 మి.మీ. పిస్టన్ వెనక్కి వచ్చి సియర్‌కి (ట్రిగ్గర్ నొక్కేదాకా పిస్టన్‌ని పట్టి ఉంచే కొక్కెం) చిక్కుకున్నప్పుడు లోపల స్ప్రింగుకి మిగిలే జాగా 73 అయితే దాదాపు 3 మి.మీ ఖాళీ ఉన్నట్టు. కిట్‌లో వచ్చే హెవీ స్ప్రింగు తీగ 2.9, చుట్లు అవే 27 అయితే 78.3. అది 73లో ఎలా పడుతుంది? పట్టదు. బారెల్ చివరిదాకా మడిచినా సియర్ ‘టక్’మని చిక్కదు. అప్పుడు మనవాళ్లు చేసే పని ఏంటంటే, మోకాలికి ఆనించి ఇంకాస్త బలంగా మడవడం. అక్కడ మీటకి ఉన్న బలం తక్కువది కాదు. కాకింగ్ లింకు (బారెల్ మడిచినప్పుడు పిస్టన్‌ని వెనక్కి నెట్టే కడ్డీ) వంగుతుంది, లేదా జింక్ అల్లాయ్ బాడీలో పివట్ పిన్ను (బారెల్ మడత ఇరుసు) తిరిగే రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగిపోతుంది. లింకు మార్చుకోవచ్చు. బాడీ సాగితే ఇక పిస్టల్ అయిపోయినట్టే, ఎందుకంటే బారెల్ ప్రతి షాట్‌కి ఒక్కో చోట కూర్చుంటుంది.

ఈ చిక్కు తెలిసినవాళ్లు రెండు మూడు చుట్లు కోసి వేస్తుంటారు. కోసిన కొస చదునుగా ఉండదు. స్ప్రింగు ఒక పక్కకి ఒరిగి పిస్టన్‌ని సిలిండర్ గోడకి రుద్దుతుంది. కొన్ని వందల షాట్లకే గోడ మీద గీతలు పడతాయి, ఆ గీతల్లోంచి గాలి పోతుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

సీల్ (పిస్టన్ పక్కనుంచి గాలి జారకుండా ఆపే ముక్క) విషయం వేరే. అది అరిగే వస్తువు, మార్చాల్సిందే, కానీ కంపెనీ సైజుదే మార్చాలి. బయటి వ్యాసంలో మిల్లీమీటరులో రెండు మూడు పదో వంతులు ఎక్కువైనా పిస్టన్ బిగుసుకుంటుంది, తక్కువైతే గాలి పక్కనుంచి జారుతుంది. పరీక్ష చాలా సులువు. స్ప్రింగు లేకుండా పిస్టన్‌ని సిలిండర్లో పెట్టి, ముందున్న గాలి రంధ్రాన్ని వేలితో మూసి, పిస్టన్‌ని తోయండి. దిండు మీద చెయ్యి పెట్టినట్టు ఆగాలి. వేలు తీస్తే బొటనవేలి ఒత్తిడికే సాఫీగా జారాలి. రెండిట్లో ఏది కాకపోయినా ఆ సీల్ మీది కాదు. ఎక్కించేటప్పుడు ఇంకో గండం: సిలిండర్‌కి కింద పొడవుగా ఉండే గాడి అంచులు చవక పిస్టళ్లలో బ్లేడులా ఉంటాయి. సీల్ పెదవి అక్కడే చీలుతుంది, బయటికి కనబడదు. ముందు సన్న ఎమరీ పేపర్‌తో ఆ అంచులు మెత్తబరిచి, పొడి బాగా తుడిచి, అప్పుడు ఎక్కించండి.

నూనె గురించి కూడా ఇక్కడే. కొబ్బరి నూనె, కుట్టుమెషీన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రే, ఏదీ పిస్టన్ ముందు వైపు పడకూడదు. గాలి ఒత్తిడికి వేడెక్కి నూనె అంటుకుంటుంది. పెద్ద చప్పుడు, పొగ, కాలిన వాసన వస్తే “పవర్ పెరిగింది” అని సంబరపడకండి, సీల్ కాలుతోంది. స్ప్రింగుకి, పిస్టన్ పక్కలకి మాలిబ్డినం గ్రీజు వేలికొసంత చాలు. పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కడం కూడా సీల్‌ని తినేసేదే, పిస్టన్‌ని ఆపే గాలి దిండు ఉండదు కదా.

బారెల్ కిట్ జోలికి పోకండి. అందులోనూ “పాయింట్ టూ టూ (5.5 మి.మీ) బారెల్ వేసిస్తాం” అనేవాళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త. మన దేశంలో 2016 ఆయుధ నిబంధనల ప్రకారం ఎయిర్ గన్ శక్తి 20 జౌళ్లు దాటినా, బోరు (బారెల్ లోపలి వ్యాసం) 4.5 మి.మీ దాటినా లైసెన్సు కావాలి. స్ప్రింగు పిస్టల్ 20 జౌళ్ల దరిదాపులకి కూడా రాదు, కాబట్టి శక్తి లెక్కలో మీకు భయం లేదు. కానీ 5.5 మి.మీ బారెల్ బిగించిన నిమిషం నుంచి అది లైసెన్సు లేని ఆయుధం. అమ్మినవాడు బిల్లులో “స్పేర్ పార్ట్” అని రాసి తప్పుకుంటాడు, ఇంట్లో దొరికేది మీకు.

ట్రిగ్గర్ అన్నిటికన్నా ప్రమాదం. చవక పిస్టల్ ట్రిగ్గర్ రెండు మూడు కిలోల బరువు లాగుతుంది, నిజమే, చిరాకే. కొలవాలంటే కాక్ చేయని ట్రిగ్గర్ పనికిరాదు. కాక్ చేసి, పెల్లెట్ పెట్టి, బారెల్ మూసి, ముక్కు పైకి కాకుండా మట్టి దిబ్బ లాంటి సురక్షితమైన అడ్డం వైపు ఉండేలా బిగించి, ట్రిగ్గర్‌కి దారం కట్టి, దాన్ని వెనక్కి కప్పీ మీదుగా దింపి నీళ్ల సీసాతో లాగించి చూడండి. లీటరు నీళ్లంటే కిలో, సీసా బరువు అదనం. పది మీటర్ల పోటీల్లో కనీసం 500 గ్రాములు ఉండాలి, అంటే అర లీటరు. మీ రెండు కిలోల ట్రిగ్గర్‌ని అరకిలోకి తెస్తామని చెప్పేవాళ్లు చేసేది ఒకటే: సియర్ గాటుని ఆకురాయితో రుద్దడం. ఆ ముక్కకి పైపొర మాత్రమే గట్టిగా కాల్చి ఉంటుంది, లోపల మెత్తటి ఇనుము. పొర పోయాక మొదటి రోజు వెన్నలా ఉంటుంది. కొన్ని వందల షాట్ల తర్వాత గాటు గుండ్రబడి, బారెల్ మడిచి పెల్లెట్ పెడుతుండగా తనంతట తానే జారుతుంది. స్ప్రింగు బలమంతా బారెల్‌ని ఎగదన్నుతుంది, వేళ్లు మధ్యలో ఉంటాయి. ఎముకలు విరిగే దెబ్బ అది. మెత్తగా కావాలంటే పిన్నుల దగ్గర చుక్క గ్రీజు, కంపెనీ ఇచ్చిన స్క్రూ ఉంటే దాని పరిధిలో సర్దుబాటు. అక్కడితో ఆపండి. ఏ ట్రిగ్గర్ అయినా సరే, పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చేత్తో బారెల్ గట్టిగా పట్టుకునే ఉండండి.

రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే సైటు) డబ్బు దండగ. స్ప్రింగు పిస్టల్ ముందు వెనక్కి, వెంటనే ముందుకి కుదుపుతుంది, 11 మి.మీ గాడి మీద డాట్‌ని పట్టి ఉంచే మౌంటు జారిపోతుంది, చవక డాట్ లోపలి టాంకం ఊడుతుంది. పోటీలకి పోయే పిల్లలకైతే అసలే వద్దు, పది మీటర్ల పిస్టల్‌లో ఓపెన్ సైట్లకే అనుమతి. పిడి మాత్రం మార్చుకోవచ్చు, లేదా అరచేయి ఆనేచోట ఎం-సీల్ ముద్ద పెట్టి ఆరాక రుద్దుకోవచ్చు. ఖర్చు వందలోపే, మిగతా కిట్ మొత్తం కంటే ఎక్కువ తేడా చూపించేది ఇదే.

గ్యాస్ పిస్టల్ వాళ్లకి: 12 గ్రాముల సీవోటూ (కార్బన్ డయాక్సైడ్) క్యాప్సూల్ ఒత్తిడి వేడిని బట్టి మారుతుంది. 20 డిగ్రీల దగ్గర సుమారు 57 బార్, 31 డిగ్రీలకి దాదాపు 74, ఆపైన ఇంకా ఎక్కుతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో మధ్యాహ్నం పిస్టల్ ‘నీరసంగా’ కొడితే గ్యాస్ అయిపోయిందనో, హ్యామర్ (గ్యాస్ వాల్వుని కొట్టి తెరిచే ముక్క) స్ప్రింగు బలహీనమనో అనుకుంటారు. లోపలి ఒత్తిడి మరీ ఎక్కువై హ్యామర్ వాల్వుని సరిగ్గా తెరవలేకపోవడం కూడా కారణం కావచ్చు. అలాంటప్పుడు గట్టి హ్యామర్ స్ప్రింగు వేసుకుంటే జనవరిలో గ్యాస్ ధారాళంగా వృథా అవుతుంది. నీడలో పెట్టి, చల్లబడ్డాక కాల్చి చూడండి. ఎండలో ఆపిన కారులో క్యాప్సూళ్లు వదలకండి.

మరి ఏం చేయాలి? ముందు పిస్టల్ తప్పా, చెయ్యి తప్పా తేల్చుకోండి. పాత ప్యాంటు కాలు కోసి ఇసుక నింపి కుట్టండి. దాని మీద చేతిని ఆనించి (పిస్టల్‌ని నేరుగా ఆనించకండి, చిల్లులు చెదురుతాయి) పది మీటర్ల దూరం నుంచి ఐదేసి షాట్ల చొప్పున నాలుగు గ్రూపులు కొట్టండి. పోటీ టార్గెట్‌లో నల్లటి వలయం 59.5 మి.మీ, పది మార్కుల వలయం 11.5. ఒక్కో గ్రూపులో చిల్లులన్నీ 30 మి.మీ లోపల పడుతుంటే పిస్టల్ తన పని తాను చేస్తోంది, ఏ కిట్టూ మీకు మార్కులు తేదు. 50 దాటితే ఈ వరుసలో చూడండి: పిడి స్క్రూలు, పివట్ బోల్టు బిగువు, బారెల్ మూసి పక్కలకి ఊపితే కదలకూడదు. తర్వాత బారెల్ కొస. చెవి దూది పుల్లని అంచు చుట్టూ తిప్పితే పీచు చిక్కుకున్న చోట బొడిపె ఉన్నట్టు. తర్వాత బ్రీచ్ ఓ-రింగ్ (బారెల్ వెనక కొస దగ్గరి రబ్బరు రింగు). బారెల్, సిలిండర్ కలిసే అతుకు మీద పల్చటి టిష్యూ ముక్క వేసి కాల్చితే అది ఎగరకూడదు. ఎగిరితే యాభై రూపాయల రింగుతో పోయే జబ్బు. ఆఖర్న పెల్లెట్లు: చదును ముక్కువి మూడు నాలుగు రకాలు చిన్న మొత్తంలో తెచ్చుకుని పోల్చండి, చవక బారెల్ ఒక రకానికే లొంగుతుంది. కొత్త పిస్టల్ అయితే మొదటి మూడు నాలుగు వందల షాట్లలో ఏదీ నిర్ణయించకండి.

పిల్లాణ్ని పోటీలకి పంపే ఆలోచన ఉంటే ఆ కిట్ డబ్బుతో రేంజిలో క్లబ్ పిస్టల్‌తో కొన్ని నెలలు సాధన చేయించండి. స్ప్రింగు పిస్టల్‌కి ఎంత పెట్టినా పోటీ పిస్టల్ కాదు, కుదుపు దాని పుట్టుకలోనే ఉంది.

అయినా పార్ట్ కొనాల్సి వస్తే అమ్మేవాణ్ని నాలుగు అంకెలు అడగండి: తీగ మందం, చుట్లు, విడిగా ఉన్నప్పుడు పొడవు, బయటి వ్యాసం. సీల్ అయితే వ్యాసం దశాంశంతో సహా. “మీ మోడల్‌కి సరిపోతుంది సార్” అన్నది అంకె కాదు. విప్పిన ప్యాకెట్ వాపసు తీసుకుంటాడా, బాడీ విప్పితే కంపెనీ వారంటీ ఉంటుందా అన్నదీ రాతలో అడగండి.

ఇప్పటికే కిట్ వేసేసి, సియర్ చిక్కక ఇబ్బంది పడుతుంటే ఇంకొక్కసారి కూడా బలవంతంగా మడవకండి. విప్పేటప్పుడు వెనక పిన్ను నేరుగా కొట్టి తీయొద్దు. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా లోపల స్ప్రింగు నొక్కుడులోనే ఉంటుంది, వెనక మూసి ఉన్న ప్లగ్గు మీ ముఖం మీదికి వస్తుంది. పొడవాటి బిగింపు క్లాంపుతో వెనక ప్లగ్గుని పట్టి, పిన్ను తీసి, మెల్లగా వదలండి. బయటికి తీసిన కంపెనీ స్ప్రింగు ఇంకా ఇంట్లోనే ఉందా చూసుకోండి, చాలామంది దాన్ని పాతసామాన్ల వాడికి వేసేసి ఉంటారు.