ఘనజీవామృతం సంచికి మూడు స్టార్లు, షాపాయన నోటికి అయిదు

విజయనగరం జిల్లాలో మా ఊరికి దగ్గర్లో ఉన్న సేంద్రియ ఎరువుల షాపు ఇది, పేరు రాయను ఎందుకంటే కింద కాస్త తిట్లు కూడా ఉన్నాయి. వేపపిండి, ఘనజీవామృతం (పేడతో చేసి ఆరబెట్టిన ఎరువు), పచ్చిరొట్ట ఎరువుకి జీలుగ, జనుము విత్తనాలు, పురుగులకి కొట్టే కషాయాల డబ్బాలు అమ్ముతారు. మాది ఎకరా ఇరవై సెంట్లు పల్లం, మడి నీళ్లు పక్క కాలవలోంచి దిగువ చెరువులోకి పోతాయి. నేను విశాఖలో ఉద్యోగం, మడి చూసేది నాన్నే, నేను ఆదివారం ఆదివారం వెళ్లి సలహాలిస్తాను ఆయన వినరు.

మే నెలాఖర్లో వెళ్లాం. నాన్న అడిగింది ఘనజీవామృతం, దాంతోపాటు డీఏపీ, అదే భాస్వరం ఉండే రసాయన ఎరువు, ఎక్కడ దొరుకుద్ది అని. షాపాయన ముందు సాయిల్ హెల్త్ కార్డు, అంటే మట్టి పరీక్ష కార్డు, ఉందా అన్నాడు. ఉంది, బీరువాలో, ఎప్పుడూ ఎవరూ చదవలేదు. ఫోన్లో అమ్మ చేత ఫోటో తెప్పించి చూపిస్తే భాస్వరం ఎక్కువ, సేంద్రియ కర్బనం తక్కువ అని ఉంది. "ఉన్న భాస్వరమే మట్టిలో పట్టేసుకుని కూర్చుంది, మళ్లీ డీఏపీ ఏటికి బాబూ, వానొస్తే ఆ మట్టితో పాటే చెరువులోకి పోద్ది, నాచు బలిసిపోద్ది" అన్నాడు. మా చెరువు భాద్రపదం వచ్చేసరికి పచ్చగా పెయింటు వేసినట్టు ఎందుకవుద్దో నాకు అప్పుడు వెలిగింది. ఈయన డీఏపీ అమ్మడు కాబట్టి అలాగే చెప్తాడు అని నాన్న బయటికొచ్చాక గొణిగారు గానీ, మేం పది సంచులు అడిగితే ఈ ఏడాదికి నాలుగు చాలు, ఆ డబ్బుతో జీలుగ కొనుక్కోండి అన్నది కూడా ఆయనే.

జీలుగ గురించి చెప్పాలి, ఈ షాపులో కొనాల్సింది అదే. పన్నెండు కిలోలు తెచ్చి జూన్ మొదటి వానకి చల్లాం, మొలక బాగా వచ్చింది, నలభై రోజులకి నాన్న నడుం దాటేసింది. పూత మొదలవుతుండగా రోటవేటర్ వేయించి నీళ్లు నిలబెట్టి పది రోజులు మురగనిచ్చి తర్వాత ఉభాలు, అంటే వరి నాట్లు. ముదిరిపోతే కాడ గట్టిపడి మురగదు, అందుకని పూత దగ్గరే తొక్కించెయ్యాలి. ఆ వేరు బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాల్లో నత్రజనిని పట్టి పెడుతుంది కాబట్టి యూరియా తగ్గుద్ది. పోయినేడు రెండున్నర సంచులు వేశాం, ఈసారి ఒకటిన్నరతో సరిపోయింది. వేసిన వరి రకం శ్రీకాకుళం సన్నాలే, అదే ఆర్జీఎల్ 2537. దిగుబడి పెరిగిందా అంటే లేదు, పోయినేడు ఎంతో ఇప్పుడూ అంతే, ఖర్చే తగ్గింది.

ఆ ఒకటిన్నర సంచి కూడా ఎలా వెయ్యాలో ఆయన చెప్పింది నాన్న పాటించారంటే నాకే నమ్మకం లేదు. ఒకేసారి వెదజల్లకుండా మూడు దఫాలు, వేసే ముందు మడిలో నీళ్లు తీసేసి బురద పదునులో వేసి, ఒకట్రెండు రోజులాగి నీళ్లు పెట్టాలి, ఆ తర్వాత కొన్నాళ్లు మడి నీళ్లు బయటికి వదలకూడదు. 50 కిలోల యూరియాకి పది కిలోల వేపపిండి కలిపి రెండ్రోజులు ఉంచి వేస్తే మెల్లగా కరుగుద్ది. మా బాబాయి వాళ్ల గరువులో, అంటే మెట్ట నేలలో, మొక్కజొన్న, అక్కడ నేల తేలిక, యూరియా ఎక్కువేస్తే నైట్రేట్ అయి కిందకి దిగి బోరు నీళ్లలో తేలుద్ది అని కూడా చెప్పాడు. తాగే నీళ్లలో లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు అన్న లెక్క నాకు తెలుసు గానీ అది మా బాబాయి సంచికి సంబంధించిన విషయం అని ఎప్పుడూ అనుకోలేదు.

ఇంకోటి, గట్టు మీద గడ్డి చెక్కొద్దు అన్నాడు, కాలవ వైపు గట్టైనా వదిలెయ్యమన్నాడు, కొట్టుకుపోయే మట్టిని అదే ఆపుద్ది అట. నాన్న ఒప్పుకోలేదు. "గడ్డున్న గట్టు చూస్తే ఊర్లో సోమరిపోతు మడి అంటార్రా" అన్నారు. చివరికి కాలవ వైపు ఒక్కటి వదిలారు, అది కూడా మా గేదె మేతకి పనికొస్తాదని.

ఇక తిట్లు. ఘనజీవామృతం నాలుగు సంచుల్లో రెండు తడిగా ఉన్నాయి, తడి అంటే బరువు కదా, మనం డబ్బిచ్చి నీళ్లు కొన్నట్టు. బాగా ఆరింది పొడిపొడిగా మట్టి వాసన రావాలి, ఇవి పచ్చి పేడ వాసన. అడిగితే మార్చి ఇచ్చాడు సరే, కానీ ఆటో ఖర్చు మాదే. ఇంట్లో రెండు ఆవులున్నోళ్లు ఇది కొననక్కర్లేదు, పేడ, పంచితం, బెల్లం, శెనగపిండి, గట్టు మన్ను కలిపి నీడలో ఆరబెట్టుకుంటే అదే అవుద్ది, లేదా ఇంట్లో గత్తం, అదే పశువుల ఎరువు, ఉంటే అదే తోలుకోండి. కషాయం డబ్బా మీద తయారీ తేదీ లేదు, నేను కొనలేదు. బిల్లు అడిగితే నోట్‌బుక్ కాగితం చింపి రాసిచ్చాడు.

వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, ఆయన ఉన్నప్పుడు. మధ్యాహ్నం ఆయన కొడుకు కూర్చుంటాడు, జీలుగ ఏదో జనుము ఏదో కూడా తెలీదు, ఫోన్లో రీల్స్ చూస్తూ "అన్నీ బాగుంటాయి అన్నా" అంటాడు. సాయిల్ కార్డు మాత్రం జేబులో పెట్టుకెళ్లండి, లేకపోతే ఇంటికి పంపేస్తాడు.