పాత కారులో అరకు: ఎక్కడ ఆగాం, ఎక్కడ బ్రేకులు బాగుచేయించాం

పాత చిన్న పెట్రోల్ కారులో అరకు శుభ్రంగా వెళ్లొచ్చు. కానీ ఘాట్ ఎక్కేలోపే బ్రేకుల సంగతి తేల్చుకోవాలి. మా బండికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ లేదు. కొన్నాళ్లుగా డెబ్బై ఎనభై స్పీడులో బ్రేకు తొక్కితే స్టీరింగు గజగజలాడుతోంది, పెడల్ కాలిని తన్నుతోంది, పైగా బండి ఆగడానికి ఇదివరకటి కంటే ఎక్కువ దూరం పడుతోంది. బయల్దేరే ముందు విశాఖలో ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే, బండి రోడ్డు మీద నడిపి చూడకుండానే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి నెట్టేది), ముందు డిస్కుల్ని పట్టే ప్యాడ్లు, వెనక డ్రమ్ముల్లోని షూలు అన్నీ మార్చాలని పద్దెనిమిది వేల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. వెయిటింగ్ రూములో ఏసీ బాగుంది, కాఫీ బాగుంది. అసలు పాడైందేమిటని అడిగితే మాత్రం "సెట్ మొత్తం మార్చేస్తే ప్రాబ్లం ఉండదు సార్" అన్నారు. వద్దని బండి తెచ్చేసుకున్నాను.

మా బావకి ఎస్.కోట (శృంగవరపుకోట)లో తెలిసిన మెకానిక్ ఉన్నాడు. పెందుర్తి, కొత్తవలస మీదుగా అక్కడికి యాభై కిలోమీటర్ల దాకా ఉంటుంది, రోడ్డంతా మైదానమే, కాబట్టి నలభైకి మించకుండా, ముందు బండికి బాగా ఎడం ఉంచుకుని వెళ్లాం. షెడ్డు చూస్తే గొప్పగా ఏమీ ఉండదు, రెండు బండ్లు పడితే మూడోది రోడ్డు మీదే. మేస్త్రి బానెట్ జోలికి వెళ్లలేదు. "బ్రేకు తొక్కితే స్టీరింగు ఊగుతోందా, సీటు ఊగుతోందా? ముందు అది చెప్పండి బాబూ" అన్నాడు. స్టీరింగు ఊగితే తేడా ముందు చక్రాల్లో, సీటు కింద నుంచి కుదుపు వస్తే వెనక డ్రమ్ముల్లో అని అనుకోవచ్చట. ఆ తర్వాత తనే పక్కన కూర్చుని ఖాళీ రోడ్డు మీద ముప్పై స్పీడులో హ్యాండ్ బ్రేకుని, బటన్ నొక్కి పట్టుకునే, మెల్లగా లాగించాడు. మన బండ్లలో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలకే పనిచేస్తుంది కాబట్టి డ్రమ్ము కోలగా అరిగి ఉంటే అక్కడ కుదుపు తెలిసిపోతుంది. మాకు సాఫీగా ఆగింది. ఇది వెనక ఎవరూ రాని రోడ్డులో మాత్రమే చేయాలి, వానలో అసలు వద్దు.

షెడ్డుకి తిరిగొచ్చాక ఇంజను ఆపి పెడల్‌ని నాలుగైదు సార్లు తొక్కి, గట్టిపడ్డాక అలాగే కాలు పెట్టి స్టార్ట్ చేయమన్నాడు. పెడల్ కాస్త కిందికి దిగింది, అంటే మన తొక్కుడుకి బలం కలిపే బూస్టర్‌కి ఢోకా లేదు. ఒక నిమిషం అదిమి పట్టుకుంటే మెల్లగా జారిపోలేదు, మాస్టర్ సిలిండర్ కూడా బాగానే ఉన్నట్టు. ఆ ఎస్టిమేట్‌లో సగం అక్కడే ఎగిరిపోయింది!

చక్రాలు విప్పాక అసలు కథ బయటపడింది. ఎడమ ముందు చక్రంలో, ప్యాడ్లని డిస్కుకి రెండువైపులా అదిమే కాలిపర్ జరగాల్సిన పిన్ను తుప్పుపట్టి బిగుసుకుపోయింది. లోపలి ప్యాడ్ దాదాపు రేకు దాకా అరిగిపోయింది, బయటి ప్యాడ్ సగానికి పైగా మిగిలే ఉంది. బ్రేకు సరిగా పట్టకపోవడానికి కారణం అదే, ఆ చక్రంలో పని చేస్తున్నది ఒక ప్యాడే. కుదుపుకి కారణం వేరే. అందరూ డిస్కు వంగిపోయింది అంటారు గానీ చాలాసార్లు అది వంగదు, చుట్టూ ఒకే మందంగా ఉండదు, అంతే. డిస్కు కూర్చునే హబ్ మీద తుప్పు పేరుకుంటే అది వెంట్రుకవాసి వాలుగా బిగుసుకుంటుంది, బ్రేకు వేయకపోయినా ప్రతి చుట్టులో ఒకే చోట ప్యాడ్‌కి రాసుకుంటుంది, కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి అక్కడ పలచబడుతుంది, ఇక బ్రేకు తొక్కినప్పుడల్లా ఆ పలచని చోట పట్టు తగ్గి మళ్లీ పెరిగి పెడల్ కాలిని తంతుంది. అందుకే ప్యాడ్లు ఒక్కటే మారిస్తే పది రోజులకి మళ్లీ అదే గొడవ. లేత్ మీద డిస్కుని చెక్కించడం చవకే, కానీ డిస్కు మీద కనీస మందం ఎంతుండాలో పోతపోసి ఉంటుంది, మాది దాని దగ్గరికి వచ్చేసింది. కాబట్టి రెండువైపులా కొత్తవే.

సామాను విజయనగరం నుంచి రావాలన్నాడు, రాత్రికి ఎస్.కోటలోనే లాడ్జి తీసుకున్నాం. దుప్పట్లు శుభ్రం, వేడినీళ్లు పొద్దున ఒక గంట మాత్రమే, పక్కనే బస్సుల హారన్లు. ఒక్క రాత్రికి ఓకే, పిల్లలతో అయితే నేను ఉండను.

మర్నాడు పొద్దున్నే పని మొదలైంది. హబ్‌ని వైర్ బ్రష్‌తో, ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్దాడు, ఇది చేయకుండా కొత్త డిస్కు వేస్తే డబ్బు దండగ. పిన్నులకి సిలికాన్ గ్రీజు పెట్టాడు, మామూలు గ్రీజు తగిలితే పిన్ను మీది రబ్బరు తొడుగులు ఉబ్బిపోయి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. బ్రేక్ ఆయిల్ డికాషన్‌లా నల్లగా వచ్చింది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, గాలిలో తేమ పీల్చుకున్నాక అది 155కి పడిపోవచ్చు. ఘాట్ దిగేటప్పుడు బ్రేకుల వేడికి ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడితే పెడల్ తేలిగ్గా నేలదాకా పోతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చాలి. బ్రేకు పైపుల్లో చేరిన ఎయిర్ తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉండే ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టాడు. డిస్కులు, ప్యాడ్లు, పిన్ను కిట్లు, ఆయిల్, కూలీ కలిపి ఆరు వేల చిల్లర అయింది. బిల్లు చీటీ మీద రాసిచ్చాడు, జీఎస్టీ బిల్లు కావాలనుకునేవాళ్లకి ఇది నచ్చకపోవచ్చు. పాత సామాను అడక్కుండానే డిక్కీలో పెట్టాడు, నాకు ఆ పద్ధతి నచ్చింది.

కొత్త ప్యాడ్లకి పట్టు దొరకడానికి బొడ్డవర వైపు అరవై నుంచి పదిహేను దాకా ఓ మోస్తరు గట్టిగా తొక్కి, పూర్తిగా ఆపకుండా మళ్లీ స్పీడు పెంచి, ఇలా కొన్నిసార్లు చేశాం. బండి ఎటూ లాగలేదు, స్టీరింగు కదల్లేదు.

ఘాట్ మొదలయ్యాక టైడా, డముకు వ్యూ పాయింట్, అనంతగిరి. డముకు దగ్గర కోతులు, జనం, పార్కింగ్ రచ్చ, ఐదు నిమిషాలు చాలు. గాలికొండ వ్యూ పాయింట్‌లో కాస్త ఎక్కువసేపు ఆగండి. ఒక రాత్రి అనంతగిరిలో, ఒక రాత్రి అరకులో ఉన్నాం. అనంతగిరిలో టూరిజం వాళ్ల కాటేజీ గది పాతదే అయినా కిటికీ తీస్తే లోయంతా మంచు, చుట్టూ కాఫీ తోటలు, రాత్రికి నిశ్శబ్దం. అరకులో ఒక ప్రైవేటు రిసార్ట్‌కి దాదాపు రెట్టింపు ఇచ్చాం, ఫోటోల్లో ఉన్న లాన్ కట్టడం కోసం తవ్వేసి ఉంది, గీజరు పనిచేయక బకెట్లతో వేడినీళ్లు మోసుకొచ్చారు. మళ్లీ వెళితే రెండు రాత్రులూ అనంతగిరిలోనే. బొర్రా గుహలకి పొద్దున్నే వెళ్లిపోవాలి, పదకొండు దాటితే లైనే లైను. బొంగులో చికెన్ తినాలంటే మీ కళ్ల ముందు వెదురు కాల్చే చోట ఆగండి, ముందే కాల్చి పెట్టింది తింటే ఆ రుచి లేదు. వలిసె పూలు చూడాలంటే నవంబరు, డిసెంబరు.

దిగేటప్పుడు వంపుల్లో ఎక్కువభాగం సెకండ్ గేరు, అవసరమైతే ఫస్ట్. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచడం కాదు, గట్టిగా తొక్కి స్పీడు తగ్గించి వదిలేయాలి. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దింపేవాళ్లు, ఇంజనే ఆపేసేవాళ్లు ఉన్నారు, ఆపేస్తే బూస్టర్ సాయం రెండు మూడు తొక్కులకే అయిపోతుంది. డముకు దగ్గర ఒక బండి చక్రాల నుంచి కాలిన వాసన, డ్రైవరు బాటిల్ నీళ్లు డిస్కు మీద పోయబోతుంటే మా బావ పరుగెత్తి ఆపాడు. కాలిపోతున్న ఇనుము మీద చన్నీళ్లు పోస్తే డిస్కు పగలొచ్చు, నీడలో అరగంట ఆగడమే మందు. మా చక్రాలు వేడెక్కాయి గానీ వాసన లేదు, పెడల్ పైనే ఉంది.

బండి మీద నమ్మకం లేనివాళ్లకి విశాఖ నుంచి పొద్దున బయల్దేరే కిరండూల్ రైలు ఉంది, సొరంగాలు, అద్దాల బోగీ, టెన్షన్ లేదు. కాకపోతే అరకులో తిరగడానికి ఆటోవాళ్లు చెప్పిన రేటే రేటు.

తిరుగుదారిలో కొత్తవలస దగ్గర టైరు పంక్చరైంది. షాపు కుర్రాడు ఎయిర్ గన్‌తో నట్లు బిగించబోతే ఆపి, వీల్ పానాతో ఎదురెదురు నట్లు కొద్దికొద్దిగా బిగించమన్నాం. ఒక నట్టు అతిగా, ఒకటి వదులుగా బిగిస్తే కొత్త డిస్కు కూడా మళ్లీ వాలుగా కూర్చుంటుంది. మొహం చిట్లించుకున్నాడు గానీ చేశాడు, ఇరవై రూపాయలు ఎక్కువ తీసుకున్నాడు.